కబురు కంటే ముందు నడిచిన సోమలింగం

సూరత్‌లోని డిండోలిలో మా గల్లీ మొత్తం మీద వెలుగు కంటే వేగంగా పోవాలని కోరుకున్నవాడు ఒక్కడే. మిగతావాళ్లకు ఉధ్నా స్టేషన్‌లో జనరల్ డబ్బాలో కూర్చునే చోటు దొరికితే చాలు, అంతకు మించిన ప్రయాణం అక్కర్లేదు. ఆ ఒక్కడి పేరు సోమలింగం.

సోమలింగం సాంచాల ఫిట్టరు. కరెంటు మగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. ఒక్కో షెడ్డులో పదుల కొద్దీ సాంచాలు ఒకేసారి ఆడుతుంటే, ఉరుము ఒకటి లోపల చిక్కుకుని బయటికి దారి దొరక్క తిరుగుతున్నట్టు ఉంటుంది. ఆ ఉరుములో నిలబడి, ఏ సాంచాకు ఏ జబ్బో అరికాళ్లతో కనిపెట్టేవాడు. చెవులు ఎప్పుడో సగం పోయాయి. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకునేవాడు. అతనొక్కడే కాదు, సాంచాల మీద బతికినవాళ్లంతా అంతే. అందుకే కరోనా వచ్చి అందరి మూతులకూ గుడ్డలు కట్టేసరికి మా గల్లీ ఒక్కసారిగా చెవిటిదైపోయింది. బండి దగ్గర ఉల్లిగడ్డ అడిగినవాడికి ఆలుగడ్డ వచ్చేది. మళ్లీ అరిచే ఓపిక లేక, వచ్చిందే వండుకునేవారు. ఆ ఏడాది మేం తిన్నన్ని ఆలుగడ్డలు గుజరాత్‌లో పండి ఉండవు. రహస్యంగా లారీల్లో ఎక్కడి నుంచో వచ్చి ఉండాలి.

మొదటి లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగిపోయాయి. సగం మంది మూటలు కట్టుకుని ఊళ్లకు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లం సాయంత్రాలు డాబా మీద కూర్చునేవాళ్లం. పొగ లేదు, దుమ్ము లేదు. సూరత్ మీద అన్ని చుక్కలు ఉన్నాయని మాకు అప్పుడే తెలిసింది. ఒక సాయంత్రం, పొద్దు గుంకుతుంటే, సోమలింగం పై వాటాలో ఉండే ముసలివాణ్ణి, మాట వరసకు నేనన్నాను:

"సోమలింగం, ఆ సూర్యుడు ఇప్పుడే ఆరిపోయాడనుకో. మనకు తెలియడానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది. అంతసేపూ అక్కడ లేని సూర్యుణ్ణి మనం చూస్తూనే ఉంటాం. వెలుగు వచ్చేదాకా కబురు రాదు."

అతను పడమటి వైపు తిరిగాడు.

"అంటే తాతా, సూర్యునికి గూడ మన లెక్కనే అన్నట్టు. కబురు ఇన్నంకనే మైల."

ఆ మాట అనడానికి అతనికి ఒక కారణం ఉంది. పదిహేడేళ్ల వయసులో సిరిసిల్ల పక్క ఊరి నుంచి సూరత్ వచ్చాడు. వచ్చిన రెండో ఏడు ఊళ్లో తల్లి చనిపోయింది. ఫోన్లు లేని కాలం. ఊరి మనిషి ఒకడు రైలు దిగి వచ్చి చెప్పేసరికి అక్కడ దినాలు కూడా అయిపోయాయి. పెద్దవాళ్లు తలమీద నుంచి స్నానం చేయమన్నారు. చేశాడు. అంతటితో సరి. మా ఆచారం అది. చావు జరిగిన క్షణం నుంచి కాదు, చెవిన పడిన క్షణం నుంచి మనిషికి మైల. వినకపోతే అంటదు.

"అవ్వ పోయిన దినాలల్ల నేను మటన్ తిన్న, సినిమా చూసిన, జోకులేసిన," అన్నాడు సోమలింగం. "గా దినాలు అవ్వ నాకు బతికున్నట్టా, సచ్చినట్టా? ఇంతవరకు ఎవలు చెప్పలే."

నేను కూడా చెప్పలేకపోయాను. చెప్పలేనప్పుడు కథ చెప్పడం నా అలవాటు. సికింద్రాబాదు కాన్వెంటులో మాకు సైన్సు చెప్పిన సిస్టరు, ఈ సృష్టిలో వెలుగును మించిన వేగం లేదని, ఉంటే గింటే దేవుడి దయకే ఉండాలని అనేది. నా అనుభవంలో ఆమె బెత్తం ఆ రెండింటినీ దాటేది. మా క్లాసులో ఫిలిప్ అనేవాడికి దెబ్బ ముందు పడేది, వాడు తప్పు తర్వాత చేసేవాడు. వెలుగును దాటితే జరిగేది అదేనని సోమలింగానికి చెప్పాను. ముందు వెనకలు తారుమారవుతాయి. జవాబు వచ్చాక ప్రశ్న అడుగుతావు. బయలుదేరకముందే చేరుకుంటావు.

అతను నవ్వలేదు. ఆ రాత్రి నుంచే ఫోన్‌లో హిందీ వీడియోలు వెతికి చూడడం మొదలుపెట్టాడు. వారం తిరిగేసరికి నాకే పాఠం చెప్పే స్థితికి వచ్చాడు.

"తాతా, అవ్వ ఇంటి ముంగట నూలు కండెలు చుట్టుకుంట కూసున్న వెలుగు ఉంటది గద, గది ఏడికి పోలే. ఇంక పోతనే ఉన్నది, చుక్కల దిక్కు. దానికంటె జోరుగ పోయి, ముంగటికెల్లి నిలవడి ఎనుకకు తిరిగి చూస్తె, అవ్వ అట్లనే కండెలు చుట్టుకుంట కనవడ్తది. సచ్చిపోయిన మనిషి గాదు, బతికున్న మనిషి."

"పిలిస్తే పలుకుతుందా?"

"పలుకది. నాకు గదంత సోయి ఉన్నది. చూస్త. గంతే."

అతని భార్య సారక్క ఆరిన బట్టలు తీస్తూ, "ఇంట్ల మిక్సీ చెడిపోయి వారమాయె. గీయనకు చుక్కల లోకం కావాల్నట. పో, పొయ్యేటప్పుడు గా మిక్సీ కూడ పట్కపో," అంది.

అలాగని ఆశ ఒక్కటే చూసినవాడు కాదు సోమలింగం. వేగం అంటే ఏమిటో ఫిట్టరుకు తెలుసు. సేఠ్‌లు నేసే బట్ట గజాలు పెరగాలని పెద్ద పుల్లీ వేయించి సాంచాను జోరుగా తిప్పించినప్పుడు, ఆ చివరి నుంచి ఈ చివరికి ఆడే నాడె ఒక్కోసారి దారి తప్పి ఎగిరి వచ్చేది. ఇత్తడి మొన ఉన్న కట్టె అది. పక్క సాంచా మీదివాడి పండ్లు రాలగొట్టిన నాడెను అతను చూశాడు. అంత చిన్న వేగానికే అంత ప్రమాదమైతే, వెలుగును దాటే బండికి ఎదురుగా ఆవగింజంత దుమ్ము తగిలినా ఏమవుతుందో అతను ఊహించగలడు. ముందు ఏముందో కళ్లకు కనపడదు, ఎందుకంటే చూపు కంటే ముందు నువ్వే అక్కడ ఉంటావు. వెనక నుంచి ఎవరు 'ఆగు' అని అరిచినా నీకు అందదు. ఇలాంటివన్నీ మేం డాబా మీద కూర్చుని ఒక్కొక్కటే పేర్చుకునేవాళ్లం. దుమ్ము, వేడి, తిరిగి రావడం, వచ్చాక ఎవరూ గుర్తుపట్టకపోవడం. ప్రయాణం చేయాల్సిన అవసరం లేదు కాబట్టి చాలా సుఖంగా గడిచేవి ఆ సాయంత్రాలు.

ఇప్పుడు పెళ్లి సంగతి.

సోమలింగానికి ఒక అక్క, పోశమ్మ. అమ్రోలి దగ్గర కోసాడ్ కాలనీలో ఉంటుంది. ఆమె భర్త బక్కయ్య కూడా సాంచాల మనిషే. వాళ్ల ఒక్కగానొక్క కూతురు రుచిత పెళ్లి సుమన్ అనే అబ్బాయితో కుదిరింది. మొదటి ముహూర్తం లాక్‌డౌన్ మింగింది. రెండో ముహూర్తానికి పెళ్లికొడుకు ఇంట్లో అందరూ జ్వరాలతో పడుకున్నారు. పాపం ఆ పిల్లలిద్దరూ ఏడాదిపాటు ఫోన్‌లోనే అలిగారు, ఫోన్‌లోనే కలిసిపోయారు. మూడో ముహూర్తం రెండో వేవ్ మధ్యలో పడింది. ఈసారి పెళ్లికొడుకు తల్లి మొహమాటం లేకుండా చెప్పేసింది: "మూడోమాటు గూడ ఆగిందంటె, దేవుడే వద్దంటున్నడని అనుకుంటం. మా పిలగానికి వేరే చూసుకుంటం."

పెళ్లినాటి పొద్దున సోమలింగం ఇంటి ముందు స్కూటర్ తుడుచుకుంటున్నాడు. సారక్క ముందురోజే కోసాడ్ వెళ్లిపోయింది. నన్ను వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోతానన్నాడు. నేనింకా పైన చొక్కాకు బొత్తాలు పెట్టుకుంటున్నాను. అప్పుడు అతని ఫోన్ మోగింది, కొంచెం వినపడే చెవికి అదుముకున్నాడు. ఊరి నుంచి గోపాల్. బక్కయ్య అన్న వెంకటయ్య కొడుకు.

"మామా, బాపు పోయిండు."

"ఎప్పుడురా?"

"తెల్లారంగ. దమ్ము ఆడలే. చిన్నబాపుకు చేస్తె ఎత్తుత లేడు, పెండ్లి లొల్లిల ఉన్నడేమో. పంచాయతోళ్లు కిట్లు తొడుక్కోని వస్తున్నరు. మధ్యాన్నంలోపట తీస్కపోతరట. అప్పటిదాంక వాకిట్ల పండవెడ్తం, మొకం మీద బట్ట కప్పం. చిన్నబాపు చూస్తనంటె వీడియో పెడ్త. చెప్పాల్నా వద్దా... నాకు సమజైత లేదు మామా. నువ్వే చూస్కో."

"నువ్వు ఇంకెవలికి చెయ్యకు బిడ్డా. నేను పోతున్న."

సోమలింగం చేతిలో పడింది ఏమిటో మావాళ్లెవరికైనా వెంటనే తెలుస్తుంది. చెప్పాడా, బక్కయ్యకు అన్న చావు మైల. ఇంటిల్లిపాదికీ మైల. పెళ్లి ఆగుతుంది. ఆగితే ఇక ఉండదు. చెప్పలేదా, బక్కయ్య తనను ఎత్తుకుని పెంచిన అన్న మొహం ఆఖరిసారి చూడడు, ఫోన్‌లో కూడా. మూడుముళ్లు పడిన తర్వాత అయితే రుచిత ఇంటిపేరు మారిపోతుంది, పుట్టింటి మైల ఆమెను పెద్దగా పట్టదు. కానీ ముళ్లు పడేవేళకు అక్కడ వెంకటయ్యను తీసుకుపోతారు. ఇంకొకటి కూడా ఉంది. సోమలింగం మేనమామ. ఇంటిపేరు వేరు. ఆ చావు అతనికి అంటదు. అందరిలోకీ ఆ కబురు విని కూడా పెళ్లి పందిట్లో నిలబడగలిగినవాడు అతనొక్కడే.

ఇదంతా నాకు ఆ పొద్దున తెలియదు. కొంత ఆ మధ్యాహ్నం విన్నాను, మిగతాది ఎన్నో రోజుల తర్వాత అతనే చెప్పాడు. మీకు ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఏమీ తెలియకుండా అతని వెనక కూర్చుని వెళ్లిన వెర్రివాణ్ణి నేనొక్కణ్ణి చాలు.

స్కూటర్ నడకకు తక్కువ, ఆగడానికి ఎక్కువ అన్నట్టు పోయింది. ఉధ్నా దాటేసరికే ఒక సైకిలువాడు, వెనక క్యారియర్ మీద గ్యాస్ సిలిండర్‌తో, మమ్మల్ని దాటిపోయాడు.

"ఏమయ్యా, వెలుగును దాటేవాడివి. సిలిండరు కూడా దాటిపోయింది మనల్ని," అని చెవిలో అరిచాను.

"పోనియ్ తాతా."

తిన్నగా పోవాల్సిన చోట పక్కకు తిప్పాడు. రింగ్ రోడ్డు చుట్టి వచ్చాడు. కతర్‌గామ్‌లో వజ్రాల కార్ఖానాలు మూతపడి ఉన్నాయి. ఒక షట్టర్ ముందు స్కూటర్ ఆపి, ప్లగ్ చూడాలన్నాడు. చూశాడు. ప్లగ్ బాగానే ఉంది. నేను రెండు మాస్కులు పెట్టుకుని ఎండలో నిలబడి, తినబోయే పెళ్లి భోజనం గురించి ఆలోచించాను. తాపీ మీది వంతెన ఎక్కాక మళ్లీ ఆపాడు. నీళ్లకేసి చూస్తూ, మాస్కు కిందికి లాగి, నా మాస్కులు కూడా తీయమని సైగ చేశాడు, నా పెదవులు కనపడాలని.

"తాతా, ఒక ముచ్చట అడుగుత. ఒకడు వెలుగును దాటి ఉరికి ఒక దిక్కు చేరిండు. ఎనుక ఏమైందో ఆనికొక్కనికే ఎరుక. ఆడున్నోళ్లకు ఇంకా వెలుగు రాలే. అందరు మంచిగ నవ్వుకుంట ఉన్నరు. అప్పుడు ఆడేం జెయ్యాలె?"

"చెయ్యడానికేముంది? ఎక్కడో ఒకచోట టీ తాగుతూ కూర్చుంటాడు. వెలుగే వచ్చి చెప్పుకుంటుంది."

"చెప్పకుంట కూసుంటె తప్పు గాదా?"

"కాన్వెంటులో మాకు నేర్పిందే అది. అడగనిదే చెప్పకు, అడిగితే ఇంగ్లీషులో చెప్పు."

అప్పుడు నవ్వాడు, కొంచెం. స్కూటర్ స్టార్ట్ చేశాడు.

కోసాడ్ కాలనీలో రెండు బిల్డింగుల మధ్య ఖాళీలో షామియానా వేశారు. యాభై మందికే అనుమతి. బయట ఇంకో యాభై మంది, మేం పెళ్లికి రాలేదు, కిటికీలో నిలబడ్డాం అన్నట్టుగా, నాలుగంతస్తుల నుంచీ చూస్తున్నారు. బక్కయ్య కొత్త పంచెతో, మాస్కు గడ్డం కిందికి లాగి, ఎదురొచ్చాడు.

"ఏంది బామ్మర్ది, గింత లేటు? మేనమామవా, పాలోనివా? పిల్లను తీస్కచ్చేటోనివి నువ్వే లేకపోతె ఎట్ల?"

"బండి ఖరాబైంది బావా."

"అన్నకు ఫోన్ కలుపు. పొద్దుగాల సంది నా ఫోన్ ఏడ వెట్టిన్నో దొర్కుత లేదు. మంచాన పడి రాలేకపోయిండు, పెండ్లి చూపిస్తనని మాటిచ్చిన."

సోమలింగం తల ఊపాడు. ఆ తర్వాత అతను చేసిన పని, నా వయసు మనిషిని కూడా అసూయపడేలా చేసింది. వంటవాళ్ల దగ్గర్నుంచి ఒక పెద్ద స్టీలు డబ్బా తెచ్చి, షామియానా ద్వారం దగ్గర బల్ల మీద పెట్టి, సానిటైజర్ సీసా పక్కన ఉంచి, గట్టిగా ప్రకటించాడు:

"అందరి ఫోన్లు గిండ్ల వెయ్యిండ్రి. కరోనా చేతుల మీద కంటె ఫోన్ల మీదనే జాస్తి కూసుంటది. టీవీల చెప్పిండ్రు. పెండ్లయినంక ఎవలయి ఆల్లకు ఇస్త."

"ఏ టీవీల?" అన్నాడు పెళ్లికొడుకు మేనమామ, లావుపాటి మనిషి.

"గుజరాతీ టీవీల."

"మరి వీడియో?"

"మన తరఫున నేను తీస్త. ఒక్కడు తీస్తె ఒక్కనికే అంటుతది."

ఆ తర్కానికి ఎవరికీ జవాబు తోచలేదు. ఫోన్లన్నీ డబ్బాలో పడ్డాయి. రుచిత ఫోన్ ఆమె స్నేహితురాలు చీర మడతల్లోంచి తీసి ఇచ్చింది. పోశమ్మ ఫోన్ వంటగదిలో పసుపు డబ్బా వెనక దొరికింది. బక్కయ్య ఫోన్ అతని పాత చొక్కా జేబులోనే ఉంది. సోమలింగం దాన్ని చూసి డబ్బాలో అన్నిటికంటే అడుగున పెట్టాడు. చుట్టాలు ఎవరో ఒకరు వెంకటయ్య ఫోటోకు దండవేసి ఈపాటికే అందరికీ పంపుతుంటారని అతనికి తెలుసు. మూత బిగించి దాని మీద తమలపాకుల కట్ట పెట్టాడు. బయట ఒక్క ఫోన్ మిగిలింది. అతనిది.

రుచితను చేతిలో కొబ్బరికాయతో మండపానికి నడిపించుకొచ్చాడు. పిల్ల మాస్కు వేసుకుంది, నుదుటి మీద బాసికం. కళ్లు మాత్రమే కనపడుతున్నాయి, అవి నవ్వుతున్నాయి. బక్కయ్య, పోశమ్మ పీటల మీద కూర్చున్నారు. కూర్చున్నవాళ్లు కార్యం అయ్యేదాకా లేవకూడదు. అయ్యగారు జీలకర్ర, బెల్లం కలుపుతుండగా బక్కయ్య మెడ తిప్పి, మాస్కు దించి అడిగాడు:

"కలిసిందా, అన్న లైన్ల ఉన్నడా?"

సరిగ్గా అప్పుడే సోమలింగం చేతిలో ఫోన్ వణికింది. గోపాల్. కిట్ల వాళ్లు వచ్చేశారు.

సోమలింగం మీట నొక్కాడు. ఫోన్‌ను ఎత్తి పట్టుకున్నాడు. దాని వెనక వైపు పెళ్లి మండపానికి, అద్దం వైపు తన మొహానికి.

"ఉన్నడు బావా."

"ఏదీ, గిటు తిప్పు. చూస్త."

"నెట్ జర మంచిగ లేదు. ఆయనకు మనం కనవడ్తం. మనకు ఆయన కనవడడు."

బక్కయ్య అంత దూరం నుంచి ఫోన్‌కు చెయ్యి ఊపాడు. "అన్నా! మంచిగ చూడు! నీ బిడ్డనే!" పక్కనున్న రుచిత చెవిలో, "పెద్దబాపు చూస్తున్నడు, దండం పెట్టు," అన్నాడు. పిల్ల రెండు చేతులూ జోడించింది. పోశమ్మ కూడా మాస్కు లోపలే ఏదో అంది. డోలు, సన్నాయి రికార్డు పెట్టారు. ఎవరేం మాట్లాడినా వినపడని ఆ మోతలో, సిరిసిల్ల దగ్గర ఒక వాకిట్లో, గోపాల్ తన ఫోన్‌ను తండ్రి మొహం మీద పట్టుకుని నిలబడ్డాడు. ఇక్కడి పెళ్లి అక్కడ ఆయన ముఖానికి ఎదురుగా ఆడుతోంది. అక్కడి ముఖం ఇక్కడ ఒకే ఒక్క మనిషికి కనపడుతోంది.

నేను పక్కనే ఉన్నాను. తొంగి చూడబోతే మోచేత్తో నెట్టాడు. అతని చెయ్యి కదలలేదు. కళ్ల నీళ్లు ముక్కు మీదుగా కారి మాస్కు తడిసిపోతోంది. మేనమామలు ఏడవడం పెళ్లిళ్లలో మామూలే కదా, నేను పట్టించుకోలేదు. సుమన్ పుస్తె కట్టాడు. మూడో ముడి పడింది. అక్షింతలు లేచాయి, నాలుగు అంతస్తుల కిటికీల నుంచి కూడా. ఎప్పుడో ఆ మధ్యలో ఫోన్ అద్దం నల్లబడింది. అతను దాన్ని ఇంకా అలాగే ఎత్తి పట్టుకునే ఉన్నాడు.

తలంబ్రాలు మొదలయ్యాక బక్కయ్యను పీటల మీది నుంచి లేపి, బిల్డింగు వెనక నీళ్ల ట్యాంకు దగ్గరికి తీసుకెళ్లాడు. నన్నెవరూ పిలవలేదు, అయినా నేను వెళ్లాను. అక్కడ ఎవరూ లేరు. సోమలింగం మాస్కు తీసేశాడు.

"ఏంది, మాస్క్ తీస్తున్నవ్?"

"బావా. పెద్దబావ పోయిండు."

బక్కయ్య చూపు అతని పెదవుల మీదే ఆగిపోయింది. మాట రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఎప్పుడు?"

"తెల్లారంగ."

"నీకెప్పుడు ఎరుక?"

"పొద్దుగాల. ఇంటికాడనే."

"మరి ఫోన్ల?"

"గోపాల్ పెట్టిండు. పెద్దబావ మొకం మీద పెట్టిండు."

బక్కయ్య ట్యాంకు కింద కుళాయి తిప్పి, కొత్త పంచెతో, నుదుటి మీది కుంకుమతో, నీళ్ల కింద కూర్చుండిపోయాడు. పసుపు నీళ్లు సిమెంటు మీద పారుతున్నాయి. పోశమ్మ మలుపు దగ్గరికి వచ్చి, "గిదేంది, పెండ్లి బట్టలతోని..." అంటూ ఆగిపోయింది. మావాళ్లలో బట్టలతో నీళ్ల కింద కూర్చునేది ఎందుకో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కొంగు నోట్లో కుక్కుకుని, గోడను పట్టుకుని, అక్కడే కూలబడింది. సారక్క వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

బక్కయ్య అన్నాడు, తల ఎత్తకుండా:

"నా అన్న మొకం నాకు లేకుండ జేసినవు."

"చేసిన బావా."

"చూడాల్సినోణ్ణి నేను. చూసినోనివి నువ్వు."

"అవును." సోమలింగం అతని ఎదురుగా గొంతుకూర్చున్నాడు. "గా జరసేపు మీ అన్న నీకు బతికే ఉండె బావా. నువ్వు చెయ్యి ఊపినవు, ముచ్చట చెప్పినవు. గదన్న నీకు ఉండనియ్యాలె అనుకున్న. పిల్ల పెండ్లి గూడ..."

బక్కయ్య కుళాయి కట్టేశాడు. మొహం మీది నీళ్లు రెండు చేతులతో తుడుచుకుని, అప్పుడు మొదటిసారి అతని వైపు చూశాడు.

"నాకు బతికే ఉండె. నీకు?"

డాబా మీద అన్ని సాయంత్రాలు కూర్చుని మేం పేర్చిన ప్రమాదాల్లో ఇది లేదు. దుమ్ము ఉంది, వేడి ఉంది, దారి తప్పడం ఉంది. అందరికంటే ముందు చేరినవాడు, ఇంకా ఏమీ జరగనివాళ్ల మధ్య, జరిగినదాన్ని ఒంటరిగా పట్టుకుని నిలబడాల్సి వస్తుందని మాలో ఎవరికీ తట్టలేదు. సోమలింగం భుజాలు కదలడం మొదలైంది. నేను సాంచా షెడ్డులో ఎంత పెద్ద మోతలోనైనా అతని గొంతు విన్నాను కానీ, ఆ ఏడుపుకు గొంతే లేదు.

బక్కయ్య ట్యాంకు గట్టు మీద కొంచెం పక్కకు జరిగి చోటు చేశాడు.

"కూసో. ఒక్కనివే మోసినవు గదరా పొద్దటి సంది. ఇగ చెప్పు. ఎట్లుండె?"

"గడ్డం పెరిగింది. తెల్లగ."

"గీక్కుంటనే ఉంటడు ఎప్పుడు. మంచాన పడ్డంక ఎవలు గీస్తరు... ఏం కప్పిండ్రు?"

"నీలి దుప్పటి. గీతలు ఉన్నయి."

"నోరు?"

"జరంత తెర్సుకుని ఉండె."

"నిద్రల అట్లనే పంటడు. చిన్నప్పటి సంది." బక్కయ్య తల ఊపాడు, ఎవరో సరైన మాట చెప్పినట్టు. "కండ్లు?"

"ఒకటి మంచిగనే మూసిండు. ఒకటి పూరగ మూతవడలే."

"ఏది?"

"ఎడమది."

"ఎడమదే. కండె పుల్లతోని పొడిచింది నేనే, నాలుగైదేండ్లప్పుడు. అన్న మా నాయినకు చెప్పలే. కిందవడ్డ అన్నడు."

షామియానా వైపు నుంచి పెళ్లికొడుకు మేనమామ, ఆ లావుపాటాయన, "ఏడున్నరండీ? ఫోటో దిగాలె, పిల్ల తండ్రి లేడేంది?" అని పిలుస్తూ వచ్చాడు. నేను మలుపు దగ్గరే ఎదురెళ్లి దారికి అడ్డంగా నిలబడ్డాను. కోసాడ్ ట్యాంకులో పైపు పగిలిందని, కాలనీ మొత్తం మునిగిపోకుండా బక్కయ్య ఒంటి చేత్తో ఆపుతున్నాడని, సోమలింగం ఫిట్టరు కాబట్టి చెబుతుంటే ఆయన బిగిస్తున్నాడని, వెళితే మీ కొత్త పట్టు చొక్కా పాడవుతుందని చెప్పాను. నీళ్లు నిజంగానే మా కాళ్ల దాకా పారి వచ్చాయి. ఆయన వాటిని చూసి, చొక్కాను చూసుకుని, "ఆరామ్‌గ రమ్మనుండ్రి," అని వెనక్కి తిరిగాడు.

నా వెనక బక్కయ్య అడుగుతున్నాడు: "ఇంక?"